చివరి మీట

"ఈ తూరి అడుగున కొత్త మీట ఒకటి పెట్టుండారంట గదా అయివోరా, అది ఎవురిది?"

2014 మే 7. పులికాటు ఒడ్డున చేపల వేట మీద బతికే చిన్న ఊరు. ప్రాథమిక పాఠశాల గదిలో పోలింగు. నేను ప్రిసైడింగ్ అధికారిని. అవ్వ వేలికి సిరా పెట్టించుకుని, చీటీ చేతిలో పట్టుకుని, కదలకుండా నిలబడి అడిగింది.

"అది ఎవరిదీ కాదవ్వా. నిలబడినవాళ్ళలో ఎవరూ నచ్చకపోతే అది నొక్కచ్చు."

"ఎవురిదీ కాకపోతే ఎందుకు పెట్టుండారు?"

వెనకాల వరస వాకిలి దాటి వేపచెట్టు దాకా ఉంది. బల్లమీద కూర్చున్న ఏజెంట్లు మా వైపే చూస్తున్నారు. "నీ ఇష్టం అవ్వా, లోపలికి పో" అని పంపించేశాను. అడిగినదానికి జవాబు చెప్పలేదన్న వెలితి మాత్రం నాలో మిగిలిపోయింది. నిజానికి అది వరసలో ఉన్నవాళ్ళను ఆపి చెప్పగలిగే జవాబు కాదు. ఆ మీట వెనక ముప్పై నలభై ఏళ్ళ కథ ఉంది, అందులో తెలుగువాళ్ళ పాలు చాలా ఎక్కువ.

ఆ బడి గదిలోనే అంతకు ఐదేళ్ళ ముందు, 2009 ఎన్నికల్లో, ఇంకొకటి జరిగింది. పాతికేళ్ళ కుర్రాడొకడు వచ్చి రిజిస్టరులో సంతకం చేశాక, "సార్, నేను ఎవరికీ వెయ్యను. కానీ నేను వెయ్యలేదని సాయంత్రం నా ఓటు ఇంకొకడు గుద్దుకోకూడదు. దానికేదో రూలుందంట" అన్నాడు. ఉంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49-ఓ అని. దాని ప్రకారం 17-ఏ రిజిస్టరులో అతని పేరు ఎదురుగా ఓటు వేయడానికి నిరాకరించాడని నేను రాయాలి, దాని కింద అతని సంతకం తీసుకోవాలి. రాశాను. అతను సంతకం పెట్టాడు. నేను కలం తీసి రాయడం మొదలుపెట్టగానే ఏజెంట్లందరూ ఒకేసారి తలలెత్తారు. ఒకాయన కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నాడు. మేము పెట్టెలు సర్దుకుని లారీ ఎక్కే వేళకి ఊరంతటికీ తెలిసిపోయింది, ఫలానావాళ్ళ పిల్లోడు ఎవరికీ వెయ్యలేదంట అని.

ఆ పార్టీకి వేసినవాడి ఓటు రహస్యం. ఈ పార్టీకి వేసినవాడి ఓటూ రహస్యమే. ఎవరూ వద్దన్నవాడిది మాత్రం బహిరంగం. ఆ రోజు సంతకం పెట్టేటప్పుడు ఆ కుర్రాడి చెయ్యి కొంచెం వణికింది. నేను చూశాను.

కాగితం రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. 1952, 1957 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, దానిమీద గుర్తు అంటించేవాళ్ళు. మనకు కావలసిన పెట్టెలో చీటీ వెయ్యడమే. తర్వాత అందరి పేర్లూ ఒకే కాగితం మీదికి వచ్చాయి, గుర్తు పక్కన రబ్బరు ముద్ర గుద్దే పద్ధతి వచ్చింది. ఎవరూ నచ్చనివాడు ఎక్కడా ముద్ర వెయ్యకుండా కాగితం మడిచి డబ్బాలో వేస్తే అది చెల్లని ఓటుగా లెక్కకొచ్చేది. ఆ మడతలో ఏముందో ఎవరికీ తెలియదు. చెల్లని ఓట్లన్నీ చేతకాక పాడు చేసినవే అని మనం తీర్మానించుకున్నాం గానీ, వాటిలో ఎన్ని కావాలని ఖాళీగా వేసినవో తేల్చడానికి దారి లేదు.

అట్లా ఖాళీగా వేసే దారి మూసేసిన యంత్రం పుట్టింది మన హైదరాబాదులోనే. 1977 డిసెంబరులో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.ఎల్.శక్ధర్ హైదరాబాద్ వచ్చినప్పుడు, ఓటు వెయ్యడానికి ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా చెయ్యగలరేమో చూడమని అక్కడి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఈసీఐఎల్‌ను అడిగారు. 1979 నాటికి నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న ఎన్నికల కమిషన్ దాన్ని రాజకీయ పార్టీల ప్రతినిధులకు చూపించింది. 1982 మే 19న కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కాడు. చట్టంలో లేని యంత్రంతో ఎన్నిక చెల్లదని 1984లో సుప్రీంకోర్టు కొట్టేసి, ఆ 50 కేంద్రాల్లో కాగితం మీద మళ్ళీ పోలింగు పెట్టించింది. ఈసారి మొదట ఓడినవాడే గెలిచాడు. ఆ తర్వాత చట్టం మార్చారు, మెల్లగా యంత్రం దేశమంతా పాకింది. 2004 లోక్‌సభ ఎన్నికలకల్లా కాగితం పూర్తిగా పోయింది.

యంత్రం పనిచేసే తీరు ఇది. ప్రిసైడింగ్ అధికారి బల్లమీద కంట్రోల్ యూనిట్ ఉంటుంది. అక్కడ మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. అట్ట చాటున ఉన్న బ్యాలెట్ యూనిట్‌లో పచ్చదీపం వెలుగుతుంది. ఓటరు నీలం మీట నొక్కాక పొడుగ్గా ఒక కూత వస్తుంది, అది వాకిట్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడుతుంది. నొక్కకపోతే కూత రాదు, ఎర్రదీపం ఆరదు. అంటే చాటులోకి పోయినవాడు ఎవరికీ వెయ్యకపోతే గదిలో ఉన్న ప్రతివాడికీ తెలిసిపోతుంది. తప్పు చేసినవాడిలా బయటికి రావాల్సిందే. కాగితాన్ని ఖాళీగా మడిచి డబ్బాలో వేసే వీలును యంత్రం తీసేసింది. కావాలని తీసెయ్యలేదు. ఆ వీలు ఉందన్న సంగతే ఎవరికీ తట్టలేదు. 'అవును' అనడం మాత్రమే వచ్చిన యంత్రం అది.

ఈసీఐఎల్‌లో ఆ నమూనా తయారైన ఏడే మా శ్రీహరికోటలో ఇంకో యంత్రం పడిపోయింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు మొదటిసారి లేచింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయి, 317 సెకన్లకు, తీరానికి 560 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు పత్రికలవాళ్ళ ముందుకు ఇస్రో పెద్ద సతీశ్ ధవనే వచ్చి, ఓటమిని తన నెత్తిన వేసుకున్నారు. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలామ్‌ను ముందుకు తొయ్యలేదు. 1980 జులై 18న రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం కలామ్‌నే పంపించారు. ఈ సంగతి అందరికీ తెలిసిందే. నాకు దీనికంటే విలువైనదిగా కనిపించేది ఆ రెండు తేదీల మధ్య పదకొండు నెలలు. ఎక్కడ కారింది, ఎందుకు కారింది, ఏ కవాటం మూసుకోలేదు అని వాళ్ళు విప్పి చూసుకున్న పదకొండు నెలలు. ఈ తీరంలో పుట్టినవాళ్ళకు అది పుస్తకంలో చదివిన సంగతి కాదు. రాకెట్టు పోయిందంటే సూళ్ళూరుపేట టీ కొట్లో మొదటి మాట "కమిటీ వేస్తారు" అని. రెండో మాట "మళ్ళా ఎప్పుడంట?" అని. పడిన తర్వాత కూడా నమ్మకం పోలేదు మరి.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే హైదరాబాదులో ఇంకొకటి కారిపోతూ ఉంది, దాన్ని విప్పి చూసినవాళ్ళు లేరు.

అంతకుముందు ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ మీద ఎంత నమ్మకం ఉండేదో ఒక్క లెక్క చాలు. ఎమర్జెన్సీ మీద కోపంతో ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ను ఊడ్చేసిన 1977 లోక్‌సభ ఎన్నికల్లో, ఇక్కడ 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే, అదీ నీలం సంజీవరెడ్డి గెలిచింది. 1978 అసెంబ్లీ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ గెలిచింది. అక్కడి నుంచి ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు: మర్రి చెన్నారెడ్డి, టంగుటూరి అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరు రావాలో, ఎవరు పోవాలో ఢిల్లీలో తేలేది. అంజయ్య మంత్రివర్గంలో 60 మందికి పైగా మంత్రులుండేవాళ్ళు. అందరినీ తృప్తిపరచాలంటే అంతమంది కావలసి వచ్చారు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ, స్వాగతం చెప్పడానికి మందితో వచ్చిన ముఖ్యమంత్రిని అందరి ముందూ కసురుకున్నారు. అంజయ్య కార్మికుడిగా బతుకు మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. ఆయన కళ్ళనీళ్ళ కథ పల్లెపల్లెకీ పాకింది. ఆ నెలలోనే ఆయన పదవీ పోయింది.

మా నాయన కాంగ్రెస్ మనిషి. ఆయన నాయన కూడా. వాళ్ళకు కోపం వచ్చింది, కానీ కోపం వచ్చినంత మాత్రాన ఓటు ఎక్కడికి పోతుంది? కమ్యూనిస్టులు చీలిపోయి ఉన్నారు. జనతా పుట్టినంత వేగంగా పగిలిపోయింది. అప్పుడు 1982 మార్చి 29న హైదరాబాదులో నందమూరి తారక రామారావు తెలుగుదేశం పెట్టారు.

ఆ పార్టీ గురించి ఎంత రాసినా సినిమా గ్లామరు దగ్గరే ఆగిపోతారు చాలామంది. గ్లామరు లేదని నేననను. కానీ ఆ తొమ్మిది నెలల్లో నిజంగా కొత్తగా కనిపెట్టింది ఒక బండిని. పాత షెవర్లే వ్యాను. దాన్ని తిరగగట్టి, పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక చేసి, మైకులు, దీపాలు బిగించి చైతన్య రథమని పేరు పెట్టారు. కొడుకు హరికృష్ణ తోలేవారు. ఆ రోజుల వరకూ నాయకుడు రావాలంటే ముందు పందిరి వెయ్యాలి, దానికి డబ్బు కావాలి, డబ్బు పెట్టేవాడు ఊరి పెద్ద, ఆ పెద్దది కాంగ్రెస్. పల్లెకీ నాయకుడికీ మధ్య ఎప్పుడూ ఒక మనిషి ఉండేవాడు. వేదికే చక్రాల మీద వచ్చేసరికి ఆ మధ్య మనిషి అవసరం లేకుండా పోయింది. రోడ్డు పక్కన బండి ఆగిన చోటల్లా సభే. ఈనాడు పత్రిక ఆ ప్రయాణాన్ని రోజూ ఇంటింటికీ చేర్చింది. పార్టీ ఆఫీసులు లేని పార్టీ వేల కిలోమీటర్లు అట్లా తిరిగింది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. నెల్లూరు జిల్లాలో రథం తిరుగుతున్న రోజుల్లో మా నాయన నన్ను భుజాన వేసుకుని మద్రాసు రోడ్డు దాకా నడిచాడు. సాయంత్రం వస్తుందన్నది అర్ధరాత్రి దాటినా రాలేదు. జనం కదల్లేదు. అరుగుల మీద, బండ్ల కింద దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. తెల్లారుజామున దూరంగా మైకులో పాట వినిపించేసరికి అందరూ ఒక్కసారి లేచారు. దుమ్ములో పసుపుపచ్చగా ఒక దీపం, ఆ దీపం వెలుగులో ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి. గొంతు బొంగురుపోయి ఉంది. ఏం మాట్లాడారో నాకు గుర్తులేదు. తిరిగొచ్చేటప్పుడు మా నాయన ఎవరితోనో అన్న మాట గుర్తుంది: "ఇన్నాళ్ళూ వెయ్యబుద్ధి కాకపోయినా వేసినాము. ఇప్పుడు వేసేదానికి ఇంకో చోటు దొరికినాది."

1983 జనవరి 5న పోలింగు. 294లో 200కు పైగా తెలుగుదేశానికి, 60 కాంగ్రెస్‌కు. తొమ్మిది నెలల పార్టీ. ఆ ఏడే ఏప్రిల్ 17న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 చివరి ప్రయోగం కూడా గెలిచింది.

జనం చెప్పిన మాట ఎంత స్పష్టంగా ఉన్నా దాన్ని తిరగెయ్యడం ఎంత తేలికో మరుసటి ఏడాదే తెలిసింది. గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్ళొచ్చిన ఎన్టీఆర్‌ను 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ తీసేసి, పార్టీ పెట్టినప్పుడు పక్కనున్న నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. చక్రాల కుర్చీలో ఎన్టీఆర్ ఢిల్లీ వెళ్ళి తన ఎమ్మెల్యేలను రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. ఊళ్ళు రోడ్డెక్కాయి. నెలకే, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి. ఆ డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో ఇందిర హత్య తర్వాతి సానుభూతిలో దేశమంతా కొట్టుకుపోతే, తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి ఢిల్లీలో ప్రధాన ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీకి అది మొదటిసారి.

1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మంచికే తెచ్చారు. నా అభిప్రాయం మాత్రం నిర్మొహమాటంగా చెబుతాను. ఆ చట్టం ఎమ్మెల్యే అమ్ముడుపోవడాన్ని ఆపలేదు గానీ, పార్టీ లోపల కాదని చెప్పే నోటిని మూసింది. విప్ జారీ అయ్యాక తన నియోజకవర్గానికి చేటు చేసే బిల్లయినా చెయ్యెత్తాల్సిందే. మరి ఫిరాయింపులు? 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవాళ్ళలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్ళారు, వాళ్ళలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. అటు ఓటేసినవాడి మాట ఏమైందని అడగడానికి ఆ ఓటరుకు దారి లేదు. పార్టీలమీద నమ్మకం ఎక్కడ పోయిందని చదువుకున్నవాళ్ళు చర్చలు పెడుతుంటారు. దేశంలో ఏ సంస్థను ఎంత నమ్ముతారని లోక్‌నీతి సర్వేవాళ్ళు అడిగిన ప్రతిసారీ సైన్యం పైన, రాజకీయ పార్టీలు అట్టడుగున ఉంటూ వచ్చాయి. మా ఊరి అరుగుమీద కూర్చుంటే సర్వే అక్కర్లేదు.

కొత్త పార్టీకి చోటిచ్చినంత మాత్రాన సరిపోదని మా జిల్లా ఆడవాళ్ళు అందరికంటే ముందు గ్రహించారు. సర్కారే పొట్లాల్లో పోసి సారా అమ్మించే వారుణి వాహిని 1980ల్లో వచ్చింది తెలుగుదేశం హయాంలోనే. తర్వాత వచ్చిన కాంగ్రెస్ దాన్ని కొనసాగించింది. ఆదాయం ఇద్దరికీ ముద్దే. అప్పుడు నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రిబడుల్లో వయోజనుల వాచకంలో సారా వల్ల కూలిన ఒక ఇల్లాలి కథ పాఠంగా ఉండేది. దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్ళు ఆ పాఠం చదివి సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది. కలెక్టరాఫీసు దగ్గర సారా వేలంపాట పెట్టినప్పుడల్లా ఆడవాళ్ళు వచ్చి అడ్డం కూర్చునేవాళ్ళు, వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడేది. వాళ్ళు ఎవరికీ ఓటెయ్యమనలేదు. ఎవరికీ వెయ్యొద్దనీ అనలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1994లో ఎన్టీఆర్ ప్రమాణస్వీకార వేదిక మీదే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. మూడేళ్ళు తిరక్కుండా, 1997లో, ఆ పార్టీ ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది.

చివరి మీటకు అందరికంటే దగ్గరి చుట్టం నల్లగొండ.

నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్ని వంచేస్తుందని మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అరవై ఏళ్ళు తిరిగొచ్చేసరికి నల్లగొండ పల్లెల్లో ఇరవై ఏళ్ళకే వెన్ను వంగి, మోకాళ్ళు బిగుసుకున్నవాళ్ళు కృష్ణ నీళ్ళ కోసం అడిగి అడిగి విసిగిపోయారు. అన్ని పార్టీలూ మాట ఇచ్చాయి. 1996 లోక్‌సభ ఎన్నికలకు దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి ఒక పని చేసింది. ఓటు ఎవరికీ వెయ్యకుండా ఇంట్లో కూర్చుంటే ఎవరికీ పట్టదు కాబట్టి, అందరూ నిలబడాలంది. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలు. నల్లగొండలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్‌ను పుస్తకంలాగా అచ్చెయ్యాల్సి వచ్చింది, పోలింగు వాయిదా పడింది. గెలిచింది సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. కానీ ఆ ఏడు దేశమంతా నల్లగొండ నీళ్ళ గురించి చదివింది.

ఢిల్లీ ఏం చేసిందంటే, డిపాజిట్ పెంచింది. లోక్‌సభకు 500 నుంచి 10,000 చేసింది. స్వతంత్రులను ప్రతిపాదించడానికి పదిమంది కావాలంది. తర్వాత అది 25,000 అయింది. నీళ్ళు అడిగితే తలుపు ఇరుకు చేశారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు మండుతుంది. కారే చోటును విప్పి చూడకుండా, కారుతోందని చెప్పినవాడి నోరు కట్టడం అది.

ఇంక ఆఖరి మెట్టు. యంత్రం వల్ల రహస్యం పోతోందని ఎన్నికల కమిషన్‌కు కూడా తెలుసు. 2001లో ఒకసారి, 2004లో ఇంకోసారి 'పై వారెవరూ కాదు' అనే గడి పెట్టాలని కేంద్రానికి రాసింది. కేంద్రం పలకలేదు. 2004లో పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ తొమ్మిదేళ్ళు నడిచి, 2013 సెప్టెంబరు 27న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి పి.సదాశివం ధర్మాసనం అన్నది మా బడి గదిలో ఆ కుర్రాడికి జరిగిన అన్యాయం గురించేనని నాకనిపించింది: ఓటు వేసినవాడికి ఉన్న రహస్యం వెయ్యనివాడికీ ఉండాలి. ఆ ఏడాది చివర ఐదు రాష్ట్రాల్లో, 2014లో మన దగ్గర, అభ్యర్థుల పేర్ల కింద చివరన నోటా వచ్చింది. మొదట గుర్తు లేదు, అక్షరాలే. 2015లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్ళు గీసిన నల్ల అడ్డగీతల కాగితం బొమ్మ చేరింది.

కూత వచ్చింది. దీపం ఆరింది. రహస్యం తిరిగొచ్చింది. కానీ దానికి బలం ఇవ్వలేదు. నోటాకు ఎన్ని ఓట్లొచ్చినా, మిగిలినవాళ్ళలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో నోటాకు 1.28 శాతం వచ్చాయి. అప్పుడు కాంగ్రెస్‌కు 1.17, బీజేపీకి 0.84. దేశాన్ని ఏలిన, ఏలుతున్న రెండు పార్టీలూ విడివిడిగా 'ఎవరూ వద్దు' కంటే వెనకబడ్డాయి. అరకు లోక్‌సభ స్థానంలో 2019లోనూ 2024లోనూ దాదాపు 50 వేల మంది ఆ మీట నొక్కారు. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు. ఏ పార్టీ అయినా వీళ్ళు ఎందుకు నొక్కారని ఆ ఊళ్ళకు వెళ్ళి అడిగిందా? శ్రీహరికోటలో ఒక కవాటం మొరాయిస్తే నెలలు కూర్చుని వెతుకుతారు. రెండు లక్షల మనుషులు కాదంటే ఒక కమిటీ కూడా వెయ్యరు. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక సంస్థల వరకూ ఒక అడుగు ముందుకేశాయి: నోటాకే ఎక్కువ వస్తే మళ్ళీ ఎన్నిక పెడతామన్నాయి. అసెంబ్లీకీ, లోక్‌సభకూ అది ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

తమ మాట పలికించే దారి జనమే మళ్ళీ వెతుక్కున్నారు. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. పసుపుకు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలి. డిపాజిట్ 25,000 అయినా వెనక్కి తగ్గలేదు. పాత యంత్రాల్లో 64 పేర్లకు మించి పట్టవు. 384 దాకా పట్టే కొత్తరకం యంత్రాలు తెప్పించి, ప్రతి కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. ఆ వరస చివరి యూనిట్‌లో అడుగున నోటా. అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు. బోర్డు తెస్తానన్న బీజేపీ అభ్యర్థి గెలిచారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో మొదలైంది. దాదాపు ఆరేళ్ళు పట్టింది, వచ్చింది.

ఆ మధ్యలో ఎన్ని పార్టీలు పుట్టాయి! 2008లో తిరుపతిలో లక్షల మంది మధ్య పుట్టిన ప్రజారాజ్యం 2009లో 18 స్థానాలు గెలిచి, 2011లో ఏ కాంగ్రెస్‌ను కాదని పుట్టిందో అందులోనే కలిసిపోయింది. 2019లో 151 స్థానాలతో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11కు దిగింది. 2019లో 23కు పడిపోయిన తెలుగుదేశం 135కు లేచింది. 2019లో ఒక్కచోట గెలిచిన జనసేన 2024లో పోటీచేసిన 21కి 21 గెలిచింది. ఈ ఊపును కొందరు జనం నిలకడలేనితనం అంటారు. నేను ఒప్పుకోను. రాకెట్టు పడ్డా సూళ్ళూరుపేట జనం ముప్పై నలభై ఏళ్ళుగా మిద్దెలెక్కి చూస్తూనే ఉన్నారు. నిలకడ లేనివాళ్ళయితే ఎప్పుడో ఇంట్లోకి పోయేవాళ్ళు.

2014 మే 7 దగ్గరికి వస్తాను. అవ్వ అట్ట చాటుకు పోయింది. నేను మీట నొక్కాను, ఎర్రదీపం వెలిగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఏజెంటొకాయన మెడ సాచి చూడబోతే కూర్చోమన్నాను. కిటికీలోంచి పులికాటు మీదుగా ఉప్పుగాలి వస్తోంది, అవతల శ్రీహరికోట చెట్లు నల్లటి గీతలా ఉన్నాయి. అప్పుడు పొడుగ్గా కూత వచ్చింది. దీపం ఆరింది.

అవ్వ బయటికొచ్చి, సిరా వేలిని కొంగుకు అంటకుండా పైకెత్తి పట్టుకుని, నా బల్ల దగ్గర ఒక క్షణం ఆగింది. ఏదైనా చెబుతుందేమో అనుకున్నాను. ఏజెంట్లు కూడా ఆమె మొహంకేసే చూశారు. వాళ్ళకేమీ దొరకలేదు. "ఎండ ముదరకముందే పోతాను నాయనా" అని, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది. నేను తర్వాతి పేరు పిలిచాను.